రాందేర్‌లో ఉప్పు చూసేవాళ్లు కరువు

పెళ్లిళ్లు తీసే కెమెరాతో గొప్ప ఫొటోలు తీద్దామని బయలుదేరడం నా బుద్ధితక్కువ. కరోనా రెండేళ్ల పాటు పెళ్లిళ్లను మింగేసింది. జరిగిన ఆ నాలుగైదింట్లోనూ అందరూ మాస్కులతోనే నిలబడ్డారు. ఆల్బమ్ చేసేటప్పుడు పెళ్లికొడుకెవరో బావమరిదెవరో నాకే అంతుపట్టలేదు. మూడో వేవ్ కూడా వెళ్లిపోయాక, సూరత్‌లోని రాందేర్ పేటలో రంజాన్ బజారు మళ్లీ పెడుతున్నారని విన్నాను. చూసినవాళ్లు నోరు తెరిచే ఫొటోలు తెస్తానని అమ్మతో గొప్పలు చెప్పి, ఒక శనివారం ఆ ఊళ్లోనే మా తెలుగువాళ్లుండే అమ్రోలిలోని ఇంటి నుంచి స్కూటర్ మీద రాందేర్ వెళ్లాను.

పట్టపగలు రంజాన్ బజారులో ఏముంటుంది? బోర్లించిన బల్లలు, దించిన షట్టర్లు. నా ఊపిరి మాస్కులోంచి పైకి తన్ని కెమెరా అద్దానికి ఆవిరి పడుతోంది. గంటసేపు తిరిగి ఒక పిల్లిని ఫొటో తీశాను. ఆ వీధిలో మాస్కు సరిగ్గా లేదని ఎవరూ తిట్టని ప్రాణి అదొక్కటే.

అప్పుడే ఒక గుమ్మంలోంచి ఖాలా పిలిచింది. ఖాలా అంటే పిన్ని. వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమె కొడుకు పెళ్లికి ఫొటోలు తీసింది నేనే. రంజాన్ సాయంత్రాల్లో ఇంటి ముందు బండి పెట్టి ఖావ్‌సా అమ్మేది. వ్యాపారాలకు బర్మా వెళ్లిన రాందేర్ వాళ్లు వెంట తెచ్చుకున్న వంట అది. ఉడికిన నూడుల్స్ మీద కొబ్బరిపాల పులుసు పోసి, కోడిముక్కలు వేసి ఇస్తారు. ఆమె భర్త కరోనాలో పోయాడు. ఆయన పోయాక బండి తీయడం ఆ సాయంత్రమే మొదలు.

లోపలికి వెళ్లగానే తలుపు వేసేసింది.

"బేటా, నీకు రోజా లేదు కదా? జర ఈ పులుసులో ఉప్పు చూడు," అంది గుసగుసగా.

రోజా అంటే రంజాన్ ఉపవాసం. నాలుక కొసకు తాకించి ఉమ్మేస్తే అది చెడదని కొందరంటారు గాని, ఖాలా ఇంట్లో ఆ పద్ధతి లేదు. సరేనని పెద్ద మనిషిలా గరిటె అందుకుని నోట్లో పోసుకున్నాను.

"ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

"ఉప్పో?"

"వేడిగానే ఉంది, ఖాలా."

దాచి ఏం లాభం? కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి నా నాలుకకు పచ్చిమిరపకాయకూ సుద్దముక్కకూ తేడా తెలియడం లేదు. ఆ మాటే చెప్పాను. ఖాలా నన్ను ఎగాదిగా చూసి, పీట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"నాకూ అంతే బేటా! నాకూ ఏం తెలియడం లేదు!"

దొందూ దొందే. నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పింది. కొడుక్కు బండి ఇష్టం లేదు. నాన్న లేని బండి నడవదు, ఈ ఒక్క సాయంత్రం చూసి అమ్మేద్దాం అంటున్నాడు. తల్లికి రుచి తెలియదని అతనికి తెలిస్తే సాయంత్రం దాకా కూడా ఆగడు. పులుసు చెడితే ఆయనతోపాటే ఆమె చేతి రుచి కూడా పోయిందని వీధి అంటుంది. "బండి పోతే నేనిక ఏం చేసుకుంటూ కూర్చోను?" అంది. ఈసారి నవ్వలేదు.

నాలుక వెతికే పని నా మీద పడింది. ఖాలా గుట్టు బయటపడకూడదు కాబట్టి ఫొటోలు తీస్తున్నట్టు నటిస్తూ, "మీకు రోజానా?" అని అడగడం మొదలుపెట్టాను. అంతకంటే వెర్రి ఉపాయం ఇంకొకటి ఉండదు. కెమెరా చూశాక రోజా లేదని ఎవరు చెబుతారు? వీధి చివర దర్జీకి మాస్కు కింద దవడలు మరమగ్గంలా ఆడుతున్నాయి. అడగ్గానే ఆట ఆగిపోయింది. జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని, కళ్లు అరమోడ్చి, "రోజానే భాయ్, తీసుకో ఫొటో," అన్నాడు. నోట్లో ఉన్నది వక్కపొడో ఇంకేమిటో, కరోనాతో వాసన కూడా పోయిన నా ముక్కుకు తెలియలేదు.

ఒక ఆరేళ్ల పిల్ల తనదీ రోజానే అంది. నాలుక చూస్తే ఐస్‌ఫ్రూట్ రంగు. మధ్యాహ్నం దాకా ఉండే చిడియా రోజా అట, పిచ్చుక రోజా. అది అయిపోయింది కాబట్టి తీసుకెళ్లి పులుసు నాకించాం. బాగా ఆలోచించి, దీంట్లో చక్కెర వెయ్యమంది.

గ్యాస్ బండ తెచ్చిన గుజరాతీ ఆయన్ని ఆపాను. ఆయనకు చైత్ర నవరాత్రి ఉపవాసం. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఊళ్లో అన్నం తినే మనిషే లేడా? దిక్కులేక అమ్మకు ఫోన్ చేశాను. కరోనా అమ్మ ఒంటికి వచ్చింది గాని నాలుక జోలికి పోలేదు. పోతే దానికే నష్టం.

"ఏమైంది రా? పోలీసోళ్లు పట్టుకున్నరా?"

"లేదే. జర ఉప్పు సూడాలె."

"ఏంది?"

"ఉప్పమ్మా, ఉప్పు. రాందేర్ల."

"ఇయ్యాల శనారం. నాకు ఒక్కపొద్దు. గది గూడ యాది లేదా నీకు?"

"ఆమెకు నోటికి రుచి తెలుస్తలేదమ్మా. పెనిమిటి పోయిండు. పులుసు ఖరాబైతే కొడుకు బండి అమ్ముతడట."

"నువ్వొస్తవా, నన్ను ఆటోల రమ్మంటవా?" అంది అమ్మ.

వచ్చీ రాగానే గిన్నెలోకి తొంగిచూసింది. "దీంట్ల ముక్క పడ్డదా?" కోడిముక్కలు వేరే గిన్నెలో ఉన్నాయని ఖాలా మూత తీసి చూపించింది. అమ్మ కళ్లు మూసుకుని వెంకన్నకు ఏదో సర్దిచెప్పుకుని, అరచేతిలో చుక్క వేసుకుని నాకింది.

"నమక్ నై," అంది తన హిందీలో. "బిల్కుల్ నై. సప్పగున్నది."

ఖాలా గుప్పెడు వేసింది. "ఔర్ జరంత." ఇంకొంచెం వేసింది. మూడోసారి అమ్మ తల ఊపింది. ఖాలా ఆమె చేతులు పట్టుకుని, నా వల్ల మీ ఉపవాసం చెడింది కదా అని బాధపడింది.

"ఏం గాదు తియ్," అంది అమ్మ. "నైవేద్యం నేను రుచి సూడకుంటనే వండుత. ఉప్పు తక్కువైందని ఎంకన్న ఏనాడన్న అన్నడా? ఇయ్యాల నేను జేసిన తప్పు గూడ అనడు."

దాన్ని హిందీలోకి మార్చడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

పొద్దు గుంకింది. అజాన్ వినిపించింది. ఖర్జూరం, నీళ్లు, నమాజు అయ్యాక జనం బండి దగ్గరకు వచ్చారు. మాస్కులన్నీ గడ్డాల కిందికి దిగాయి. మొదటి గిన్నె దర్జీ తీసుకున్నాడు. నేనూ ఖాలా అతని నోటికేసి గుడ్లప్పగించి చూస్తున్నాం. ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. గిన్నె ఎత్తి పులుసు జుర్రేసి, ఖాళీ గిన్నె కొడుకు ముందుకు తోశాడు. "ఇంకోటి పొయ్యి."

కొడుకు తల్లి వైపు తిరిగి నవ్వాడు. ఖాలా బండి వెనక్కి వెళ్లి ఏడ్చేసింది. ఇంకోటి అడిగాడు కదా, ఎందుకేడుస్తావని అడిగాను.

"మా ఆయనకు షుగరు. రోజా ఉండొద్దని డాక్టరు చెప్పాడు," అంది. "రంజాన్‌లో ఉప్పు చూసేది ఆయనే. బాగుందని నోటితో ఒక్కనాడూ అనలేదు. ఆయన ముఖం చూసి నేను పొయ్యి ఆపేదాన్ని. ఇప్పుడు ఎవరి ముఖం చూడను?"

అమ్మకు సగమే అర్థమైనట్టుంది. ఆ సగం చాలింది.

"మేరా మూ దేఖో," అంది. "శనారం ఛోడ్‌కే రోజ్ ఆతీ మై." నా ముఖం చూడు, శనివారం తప్ప రోజూ వస్తా అని.

ఖాలా కళ్లు తుడుచుకుని అమ్మ ముఖంలోకి చూసింది.