యాదగిరి ఇచ్చిన రక్తం

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నేను ఒకటే మాట అనేదాన్ని. "ఒక చుక్క తెచ్చి గాజుపలక మీద వెయ్యండి. మైక్రోస్కోప్‌లో చూసి చెబుతాను."

గొప్పకు అన్న మాట కాదు. మా ఇంట్లో దయ్యం కథలు చెప్పుకునేవారు కాదు. నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు, గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చారు. చీకటంటే భయమేస్తోందని చిన్నప్పుడు నేనంటే, ప్రార్థన చేసుకుని పడుకోమనేవారు. ఆ తర్వాత ఉద్యోగం కూడా కళ్లతో చూసినదాన్నే నమ్మమని నేర్పింది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మండని మిమ్మల్ని బలవంతం చెయ్యను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను ఒక మిషన్ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. రక్తం, మూత్రం, కఫం, ఏది పంపినా పరీక్ష చేసి డాక్టర్లకు చెప్పడం మా పని. ఆ ల్యాబ్‌లో బల్ల ముందు కూర్చున్న మొదటి ఆడపిల్లను నేనే. నన్ను చూడ్డానికి వచ్చిన పెళ్లివారు ఒకసారి, "మలమూత్రాలు చూసే ఉద్యోగమటగా?" అని మొహం చిట్లించారు. నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "అవునండీ, మా అమ్మాయి చూసేది అవే. వాటిని చూసే ఎంతోమందికి జబ్బేంటో తేల్చి, బాగుచేయించి ఇంటికి పంపింది," అన్నారు. ఆ సంబంధం కుదరలేదు. ఆయన గొంతు మాత్రం నాకు ఇంకా వినిపిస్తుంది.

అది పోలీస్ యాక్షన్ నాటి సంగతి. ఆ పేరు తర్వాత వచ్చింది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఇండియా మిలటరీ వస్తోందని, బేగంపేట వైపు విమానాల మోత వినిపించిందని. రజాకార్లు ఇటు వస్తున్నారని ఒకరు, పారిపోతున్నారని ఒకరు. దుకాణాలు మూసేశారు. రోడ్ల మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. మా సీనియర్ టెక్నీషియన్ సొంత ఊరు వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ల్యాబ్ నా ఒక్కదాని మీద పడింది. ఇప్పుడు పద్మారావు నగర్ అంటున్న చోట ఉండేది మా ఇల్లు. ఇంటికి వెళ్లి రావడం కుదరక నర్సుల క్వార్టర్స్‌లోనే ఉండిపోయాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్ నుంచి ఖైరున్నీసా అనే ఆమెను మంచం మీద మోసుకొచ్చి, దించి వెళ్లిపోయారు. భర్త హుసేన్ సాబ్ దర్జీ. అంతకుముందు రెండు కాన్పులు పోయాయట. ఈసారి ఆడపిల్ల బతికి పుట్టింది, కానీ తల్లికి రక్తస్రావం ఆగలేదు. డాక్టరమ్మ చెయ్యగలిగింది చేసి నా దగ్గరకు వచ్చింది. "రక్తం ఎక్కించాలి. గ్రూపు చూడు," అంది.

ఓ గ్రూపు. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపు రక్తమే పడుతుంది. ఇప్పటిలా బ్లడ్ బ్యాంకులు మాకు లేవు. అప్పటికప్పుడు మనిషి రావాలి, సరిపడుతుందో లేదో చూడాలి, సీసాలోకి తియ్యాలి. హుసేన్ సాబ్‌ది సరిపడలేదు. నాదీ సరిపడలేదు. ఆసుపత్రిలో ఓ గ్రూపు ఉన్న నర్సు ఒకామె అప్పటికి కొద్ది రోజుల ముందే ఇంకొకరికి ఇచ్చి నీరసంగా ఉంది.

"మావోళ్లను తోల్కొస్త. జెర సూస్తుండుండ్రి అమ్మా," అని హుసేన్ సాబ్ బయటికి పరిగెత్తాడు. ఆ సమయంలో, ఆ రోడ్ల మీద, నెత్తిన టోపీ కూడా తియ్యకుండా.

అతను వెళ్లిన కాసేపటికి ల్యాబ్ గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా వేసుకున్నాడు, రైల్వే వర్క్‌షాప్ వాళ్ల దగ్గర వచ్చే నూనె వాసన వస్తోంది.

"మా ఖైరు ఈడనే ఉన్నదంట గదా అమ్మా. నెత్తురు గావాలన్నరు. నాది తీస్కోండ్రి."

హుసేన్ సాబ్ పంపించాడనుకున్నాను. "మీరు ఆమెకు ఏమవుతారు?" అని అడిగాను.

"అన్నను."

"పేరు?"

"యాదగిరి."

నేను తలెత్తి చూశాను. నా అనుమానం అతనికి అర్థమైంది. నవ్వాడు. "మా అమ్మ నన్ను కని పోయింది. ఖైరు వాళ్లమ్మ మా ఇద్దరికి పాలిచ్చి సాదింది. నేను జెర పెద్ద. గిట్ల అన్ననైన."

"బయట తిరగొద్దంటున్నారు కదా, ఎలా వచ్చారు?"

"నన్నెవరు ఆపుతరమ్మా?" అన్నాడు. ధైర్యవంతుడు అనుకున్నాను, అంతే.

పరీక్షకు మామూలుగా ఎడమచేతి ఉంగరపు వేలు కొన గుచ్చుతాం. ఎడమచెయ్యి చాపమన్నాను. ఉంగరపు వేలు, చిటికెన వేలు సగం నుంచి లేవు. "మిషిని తిన్నది," అన్నాడు, అదేదో తమాషా సంగతి అయినట్టు. కుడిచెయ్యి పట్టుకుని గుచ్చాను.

అతని చెయ్యి చల్లగా ఉందా అని ఈ సంగతి విన్నవాళ్లందరూ అడుగుతారు. లేదు. వెచ్చగానే ఉంది. అరచెయ్యి గరుకుగా ఉంది. సూది దిగినప్పుడు అందరిలాగే వేలు వెనక్కి లాక్కున్నాడు.

ఓ గ్రూపే. అయినా అక్కడితో ఆగకూడదు. రోగి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీళ్లలో, ఇచ్చేవాళ్ల రక్తకణాలు కలిపి చూడాలి. గుంపులు గుంపులుగా అంటుకుంటే ఆ రక్తం విషంతో సమానం. ఇసుక పరిచినట్టు విడివిడిగా ఉంటే ఇవ్వచ్చు. అంతకుముందు ఎన్నోసార్లు చేశాను గానీ, చివరి మాట ఎప్పుడూ సీనియర్‌దే. ఆరోజు కిటికీ దగ్గరికి జరిగి, వెలుతురు సరిచేసుకుని, పలకను అటూ ఇటూ కదిలిస్తూ చూశాను. కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా హాయిగా తిరుగుతున్నాయి.

డాక్టరమ్మ నా భుజం వెనకే ఉంది. "ఖాయంగా చెప్పగలవా?" అంది.

"చెప్పగలను డాక్టరమ్మా. ఎక్కించండి."

ఆ మాట అన్నప్పుడు నా వయసు చిన్నది, గొంతు వణకలేదు. తర్వాత చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను, మెచ్చుకోళ్లు అందుకున్నాను. వాటన్నిటి కంటే ఆ ఒక్క మాట తలుచుకుంటే నాకు గర్వం.

వార్డు నర్సు ఎస్తేరు సిస్టర్ అతన్ని బల్ల మీద పడుకోబెట్టి సీసా నిండా రక్తం తీసింది. తర్వాత నేనే చాయ్ తెచ్చిచ్చాను. తాగి, "చక్కర తక్వైందమ్మా," అన్నాడు. కాసేపు లేవొద్దని చెప్పి నేను వార్డులోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బల్ల మీద అతను లేడు. గ్లాసు ఖాళీగా ఉంది.

ఖైరున్నీసా పెదవులకు రంగు తిరిగి వస్తుండగా హుసేన్ సాబ్ వచ్చాడు. చెమటతో తడిసిపోయి, ఒంటరిగా. ఎవరూ తలుపు తియ్యలేదట. మంచం పక్కన వేలాడుతున్న సీసాను చూసి నిలబడిపోయాడు.

"ఎవరిచ్చిన్రమ్మా?"

"మీరు పంపారుగా, ఆమె అన్న. యాదగిరి."

అతని మొహం చూసి, నేను పేరు తప్పు పలికానేమో అనుకున్నాను. వేళ్ల సంగతి చెప్పాను.

"ఎండకాలంల జొరమొచ్చి పోయిండమ్మా యాదగిరి. నేనే కంధా ఇచ్చిన. ఈ భుజం మీదనే మోసిన," అని హుసేన్ సాబ్ కుడిభుజం మీద చెయ్యి వేసుకున్నాడు.

నేను నమ్మలేదు. ఎవరో ఆ పేరు వాడుకున్నారన్నాను. ఎస్తేరు సిస్టర్‌ను అడిగాను. ఖాకీ చొక్కా, లేని రెండు వేళ్లు, నేను చూసినవే ఆమె కూడా చూసింది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను. హుసేన్ సాబ్ వెళ్లి వచ్చేలోగా లోపలికి వచ్చింది ఆ ఒక్క మనిషే కాబట్టి అతనికి బాగా గుర్తుంది. బయటికి వెళ్లడం మాత్రం చూడలేదన్నాడు.

పరీక్ష కోసం తీసిన రక్తం కొంచెం నా దగ్గర ట్యూబులో మిగిలింది. మర్నాడు పొద్దున పలక మీద పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒక చుక్క తెమ్మని అందరినీ అడిగేదాన్ని కదా, ఆ చుక్క నా ముందే ఉంది. ఎర్రకణాలు గుండ్రంగా, తెల్లకణాలు ఎన్నుండాలో అన్ని. ఆరోగ్యంగా ఉన్న యువకుడి రక్తం. వంక పెట్టడానికి ఏమీ లేదు.

కొద్దిరోజులకు మిలటరీ వచ్చింది, నిజాం లొంగిపోయాడన్నారు. కొందరి ఇళ్ల మీద జెండాలు లేచాయి. అంతవరకు ఒకరు భయపడితే, ఇప్పుడు ఇంకొకరు భయపడే వంతు. హుసేన్ సాబ్ వీధిలోకి రావడం మానేశాడు. ఇంటికి వెళ్లిపోయిన ఖైరున్నీసాకు రక్తం ఎంత పెరిగిందో చూడాల్సి ఉంది, ఆమె ఆసుపత్రికి రాలేదు. నాన్నగారిని తోడు తీసుకుని నేనే రెజిమెంటల్ బజార్ వెళ్లాను.

ఆమె తన ఇంట్లో లేదు. పక్క గల్లీలో, యాదగిరి ఇంట్లో ఉంది. అతని భార్య నర్సమ్మ, తల్లీబిడ్డలనూ హుసేన్ సాబ్‌నూ తన ఇంట్లో పెట్టుకుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ముందు మమ్మల్ని కూడా లోపలికి రానివ్వలేదు.

"ఎవరు మీరు? ఈడ ఎవరు లేరు," అంది. ఖైరున్నీసా లోపలి నుంచి నా గొంతు గుర్తుపట్టి పిలిచాకే పక్కకు జరిగింది.

ఖైరున్నీసా కోలుకుంటోంది. వేలు గుచ్చి చుక్క తీసుకున్నాను. హుసేన్ సాబ్ ఆమెకు అంతా చెప్పాడట. నువ్వేమనుకుంటున్నావమ్మా అని అడిగాను. ఆమె పిల్లను ఒళ్లో సర్దుకుంటూ, "నాకు తక్లీఫ్ అయితే ఆనికి తెల్వకుంట ఉంటదా?" అంది. అంతకుమించి ఆశ్చర్యపడలేదు.

మేం లేచాక నర్సమ్మ గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడిగింది. "బక్కగయిండా అమ్మా? జొరంల బాగ చిక్కిండె."

చూసింది చెప్పాను. "లేదమ్మా. బాగున్నాడు. నవ్వుతూ మాట్లాడాడు. చాయ్‌లో పంచదార తక్కువైందన్నాడు."

"గంతే, ఎప్పుడట్లనే అంటడు," అంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. తర్వాత నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది. "గీ చెయ్యేనా ఆయన చెయ్యి వట్టుకున్నది?"

అవునన్నాను. ఆమె ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేనూ వెనక్కి తీసుకోలేదు. నాన్నగారు గల్లీ చివరకు నడిచి, మాకు వీపు తిప్పి నిలబడ్డారు.

దారిలో ఆయన్ను అడిగాను, మీరేమంటారని. "నువ్వు చూశావు, నేను చూడలేదు. నన్నడుగుతావేం?" అన్నారు.

చాలామందికి చెప్పాను ఆ తర్వాత. యాదగిరికి కవల సోదరుడు ఉండి ఉంటాడన్నారు. లేడు, కనుక్కున్నాను. భయంలో కళ్లు మోసం చేసి ఉంటాయన్నారు. సీసా నిండిన రక్తాన్ని కళ్లు ఎలా మోసం చేస్తాయి? దాంతో ఒక మనిషి బతికింది, పిల్లను పెంచింది, పెళ్లి చేసింది. ఆ పెళ్లిలో మేనమామ స్థానంలో కూర్చున్నది నర్సమ్మ. నన్నూ పిలిస్తే వెళ్లి బిర్యానీ తిని వచ్చాను.

ఆ మధ్యాహ్నం నా ల్యాబ్‌కు వచ్చిందెవరో ఇప్పటికీ చెప్పలేను.