దేవుడికి కేటాయించిన నూలు కట్ట

ఎనభైల చివర్లో ఎమ్మిగనూరులో ఒక చేనేత సంఘం కంప్యూటరు కొన్నది. ఆదోనిలో మూడు నెలలు ఆ విద్య నేర్చానని నన్ను పిలిచారు. నా విద్య ఆదోని బస్సులో సీటు లాంటిది: ఉందంటారు, వెతికితే దొరకదు.

పని చిన్నదే. నూలు ఎవరెవరికి అందాలో లిస్టు తీయాలి. పాత పుస్తకంలో ప్రతి పేజీ పైన ‘శ్రీరామ’ అని రాసి, కింద నేతగాళ్ల పేర్లు రాసేవాళ్లు. నేనూ భయభక్తులతో పేర్ల ఫైల్లో మొదటి వరసగా శ్రీరామ అని కొట్టాను. భయం కంప్యూటరంటే, భక్తి ఉద్యోగమంటే.

ప్రోగ్రాముకు అలంకారమేదో, ఆసామి ఎవరో తెలియదు. వరసకొక కట్ట రాసుకుంటూ పోయింది. ఉన్నవి నలభై కట్టలు. మొదటిది శ్రీరాముడికి పోయింది. నలభయ్యో నేతగాడు లిస్టులోంచి జారిపోయాడు.

ఆ ముసలాయన మర్నాడు పొద్దున్నే సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

“పడుగు మగ్గం మీదుండాది, పేకకు నూలు లేదు. నా కట్ట యాడప్పా?”

“నీ పేరు లేదు తాతా. ఉండేది దేవుని కట్ట,” అన్నాడు స్టోర్ కీపరు. అప్పటికే దానికి కుంకుమ పూసి, విడిగా చెక్క పలక మీద పెట్టాడు.

“దేవుడెప్పుడొచ్చి తీస్కపోతాడంట?”

“నాకేం తెల్సు? లిస్టులో ఉండాడు. సంతకం పెడితే ఇస్తా.”

“ఆయప్పకు మగ్గం యాడుంది? మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేసేకి కూసుంటాడా?”

ఇద్దరూ నా వైపు తిరిగారు. శ్రీరామ తీసేస్తానన్నాను. ఆ పేరు లేని కాగితానికి నూలియ్యనన్నాడు స్టోర్ కీపరు. సరే, ఆ వరసకు సున్నా వేశాను. “దేవునికి సున్నానా!” అని లెంపలేసుకున్నాడు.

అప్పుడు వెలిగింది. పంపకం వేరు, సింగారం వేరు. ఎవరికి ఎంతో తేల్చేది ఒక ముక్క, తేలినదాన్ని ముస్తాబు చేసేది ఇంకో ముక్క. ముస్తాబుకు నూలు మీద పెత్తనం ఉండకూడదు. మధ్యాహ్నం దాకా ప్రోగ్రామును విడగొడుతూ కూర్చున్నాను. ముసలాయన నా కుర్చీ వెనకే నిలబడ్డాడు.

“దేవుడు వరసలోంచి ఇంకా లెయ్యలేదా?”

“పైకి పోతాండాడు తాతా.”

కొత్త లిస్టులో శ్రీరామ ఒక్కటే పైన నిలిచింది. పక్కన సున్నా లేదు, సంతకం గడీ లేదు. నలభయ్యో వరసలో ముసలాయన పేరు. స్టోర్ కీపరు రెండుసార్లు చదివి కట్ట దించాడు. ముసలాయన వేలిముద్ర వేసి, కట్ట తిప్పి చూశాడు.

“ఇంత కుంకుమ పూసినావే, తెల్ల టవలు ఎట్ల నేసేది?”

“నేను పూసింది దేవుని కట్టకు. నీ కట్టకు కాదు.”

ఆ వాదన తెగేలా లేదని, కట్టలో మరక పడిన ఒక్క చిలపను, ఆ నూలు చుట్టను, నేనే తీసుకుని బోరింగు కింద పెట్టాను. ముసలాయన బోరింగు కొడుతూ, “కంప్యూటరంటే ఇదేనాప్పా?” అన్నాడు.

“కోర్సులో ఇంతవరకు చెప్పలేదు తాతా.”

కట్టను వెనక కట్టుకుని, తడి చిలపను సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, పొద్దుగూకక ముందే మగ్గంలో కూర్చోవాలని ఆయన సైకిలెక్కాడు.