కాంతమ్మ గోడకు రెండు కెమెరాల సాక్ష్యం

2022 వర్షాకాలం. గోదావరి ఊళ్లలోకి వచ్చి వెనక్కి పోయిన పది రోజులకు, భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో ఏటి ఒడ్డునున్న ఒక పల్లెకు కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లాను. నా పేరు రజియా. భద్రాచలంలో నాకు ఫోటో స్టూడియో ఉంది. మా నాన్నదీ ఇదే పని. పాల్వంచ కంపెనీ కాలనీల్లో పెళ్లిళ్లు, పుట్టినరోజులు, రిటైర్మెంటు సన్మానాలు తీసి మమ్మల్ని పెంచాడు. నేను ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్లు. కోపం మాత్రం అంతకంటే పాతది.

ఆ పల్లెకు నన్ను పిలిచింది అంగన్‌వాడీ టీచర్ సరోజ. సర్కారు కొత్త ఇల్లు ఇవ్వాలంటే, ఇల్లు కూలినవాళ్లు ఆ ఇంటి ముందు నిలబడి ఫోటో దిగి, వారంలోగా భద్రాచలంలోని సర్కారు ఆఫీసులో ఇవ్వాలని కాగితం వచ్చిందట. సగం మంది ఫోన్లు నీళ్లలో తడిసి చచ్చాయి. మిగతా సగానికి చార్జింగ్ లేదు, ఊళ్లో కరెంటే లేదు. ఇల్లు పోయినవాడు ఫోటో ఎక్కడ తెస్తాడని ఆ కాగితం రాసినవాళ్లకు తట్టలేదు.

"రజియక్కా, ఫోటో లేకుంటే లిస్టుల పేరు ఎక్కదంటున్నరు. నువ్వొక్కసారి రావాలె" అంది సరోజ. వెళ్లాను.

నా చేతిలో ఉన్నది మిర్రర్‌లెస్ కెమెరా. పాత పెద్ద కెమెరాల్లో లెన్సు వెనక ఒక అద్దం ఉండేది, ఇందులో ఉండదు. అందుకే ఆ పేరు. బొమ్మ పడే పలకను సెన్సార్ అంటారు. నా కెమెరాలో అది చిన్న అగ్గిపెట్టెంత ఉంటుంది. దానికి పెళ్లిళ్లలో వాడే లెన్సు బిగించి ఉంది. అపర్చర్ అంటే లెన్సులోకి వెలుతురు వచ్చే కన్నం. దాన్ని పూర్తిగా తెరిస్తే మనిషి ముఖం మెరిసిపోతుంది, వెనకున్నదంతా మసకలో కరిగిపోతుంది. పెళ్లికూతురి వెనక టెంటు కర్రలు, విరిగిన కుర్చీలు, తాగి తూలుతున్న మేనమామ, అన్నీ మాయం. ఈ రోజుల్లో స్టూడియోకు వచ్చే ప్రతివాడూ అడిగేది అదే: "మేడం, వెనుక బ్లర్ రావాలె." అలా అడిగీ అడిగీ నా చెయ్యి కూడా దానికే అలవాటు పడింది.

సరోజ దగ్గర ఉన్నది జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా. వెనకటికి నేను కొన్నదే. స్టూడియో పనికి చాలక, పిల్లల ఫోటోలకు ఉంటుందని ఆమెకిచ్చేశాను. దాని సెన్సార్ చిటికెన వేలి గోరంత. అంత చిన్నదానికి వెనకను మసక చేయడం చేతకాదు. దగ్గరున్న ముక్కు నుంచి దూరాన ఉన్న గుట్ట దాకా అంతా ఒకే తీరుగా స్పష్టంగా పడుతుంది. మా భాషలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఎక్కువ అంటాం. రంగులు మాత్రం ఉతికి ఉతికి వెలిసిన బట్టలా ఉంటాయి.

"ఇంకా బతికే ఉందా ఇది?" అని నవ్వాను.

"నువ్విచ్చిందే గదక్కా. నా రిజిస్టర్ల పెట్టుకోను నేను గూడ ఒక్కొక్కటి దించుత. మొన్న పునరావాస కేంద్రంల బ్యాటరీ చార్జింగ్ పెట్టుకొచ్చిన" అంది.

పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగాం. జనం కూలిన గోడకు ఆనుకుని నిలబడ్డారు కాబట్టి మనిషితో పాటు గోడా వచ్చింది. ఆఖరి ఇల్లు కాంతమ్మది. యాభై అయిదేళ్ల ఒంటరి మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. మట్టి గోడలు రెండు వైపులా కూలి, పెంకులు కుప్పపడి, మధ్యలో దర్వాజా ఒక్కటే ఉత్తగా నిలబడి ఉంది. ఆమె చంకలో ఒక కోడి. నీళ్లొచ్చిన రోజు ఇంట్లోంచి పట్టుకుపోగలిగింది దాన్నే అట. బురదలో వదిలితే పోతుందని కిందికి దించనంటే దించనంది.

మబ్బు పట్టి వెలుతురు తగ్గింది. అపర్చర్ పూర్తిగా తెరిచాను. "పెద్దమ్మా, ఆ బురదల ఎందుకు నిలబడ్డవ్? గిట్ల ముందుకు రా" అన్నాను. ఆమె పది పన్నెండు అడుగులు ముందుకొచ్చింది. రెండు సార్లు నొక్కాను. నాకు కాస్త వెనకగా, పక్కన నిలబడి సరోజ కూడా తన చిన్నదాన్ని ఒకసారి నొక్కింది.

తెర మీద చూసుకుంటే, అబ్బ, ఏం ఫోటో! ముఖంలో ప్రతి ముడతా, కళ్లలో నిద్ర లేని అలసటా ఉన్నదున్నట్టు వచ్చాయి. కాంతమ్మకు చూపించాను.

"గింత మంచిగ నేనెన్నడు దిగలే బిడ్డా" అంది.

నేను ఉబ్బిపోయాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఆ ముఖం వెనక ఇల్లు ఉందో లేదో చూసుకోలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

రెండు వారాల తర్వాత కాంతమ్మ అదే ఫోటో పట్టుకుని స్టూడియోకు వచ్చింది. దాని మీద ఆఫీసువాళ్లు ఎర్ర సిరాతో 'ఇల్లు కనిపించుట లేదు' అని రాసి తిప్పి పంపారు. చూస్తే నిజమే. ఆమె వెనక గోధుమ రంగు మసక తప్ప ఏమీ లేదు. పోనీ మళ్లీ తీద్దామంటే ఇల్లేదీ? ఆమె తమ్ముళ్లు వచ్చి మట్టి ఎత్తిపోసి, ఆ దర్వాజా కర్రలనే గుంజలుగా పాతి, ప్లాస్టిక్ పరదా కప్పి గుడిసె వేశారు. వానలో ఎన్నాళ్లని బయట ఉంటుంది? లిస్టు ఇంకో రెండు రోజుల్లో పైకి పోతుందన్నారు. అందులో పేరు లేకపోతే ఆమెకిక ఇల్లు రాదు, ఆ పరదా కిందే బతకాలి.

మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. లిస్టు చూసే సారు ఫోటోను అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంది మేడం, పెళ్లిచూపులకు దించిన్రా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఏమనాలో తెలియక కాంతమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇల్లు కొట్టుకుపోయిన మనిషిని నిలబెట్టి ఎగతాళి చేయడానికి వీళ్లకు నోరెట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"తప్పు నాది సార్. లెన్సు అట్ల పెట్టిన. ఆమె ఇల్లు కూలింది నిజం."

"నిజమైతే ఫోటోల కనపడాలె గదా? స్టూడియోల దిగి తెస్తే మేమేం జేస్తం?"

అప్పుడు సరోజ తీసిన ఫోటో గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే మధ్యాహ్నం బస్సుకు కెమెరా కార్డు పట్టుకొచ్చింది. స్టూడియో కంప్యూటర్లో తెరిచాను. బురద, పెంకులు, కూలిన గోడ, దర్వాజా, కాంతమ్మ, కోడి, వెనక చెట్ల గట్టు, ఒక మూలన వంగి ఫోటో తీస్తున్న నేను, ఒక్కటి కూడా వదలకుండా పడ్డాయి. నా ఖరీదైన కెమెరా చేయలేనిది ఆ పాత డబ్బా చేసింది. ప్రింటు తీసి పరుగున పోయాం.

సారు ఈసారి ఫోటో మధ్యలోకి చూడలేదు. కింది మూలకు చూశాడు. అక్కడ నారింజ రంగు అంకెలున్నాయి: 01.01.2008.

"శాన తెలివిగున్నరే! పాత వరద ఫోటో తెచ్చి ఇప్పటిదంటరా? దొంగ క్లెయిమ్ అని రాస్త, ఇగ ఏ లిస్టులకు ఎక్కదు ఈమె పేరు."

కాంతమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నాకు విషయం అర్థమైంది. ఇలాంటి కెమెరాలో బ్యాటరీ చాలా రోజులు చచ్చి పడి ఉంటే లోపలి గడియారం తాను పుట్టిన ఏడాదికి పోతుంది. మళ్లీ బ్యాటరీ వేయగానే తేదీ అడుగుతుంది. సరోజ హడావిడిలో ఓకే నొక్కేసింది. ఇదంతా చెప్పాను. ఆయన వింటేగా! కూలిన గోడ అంత పెద్దది కళ్లకు కనపడలేదు, చీమ తలకాయంత అంకెలు మాత్రం కనపడ్డాయి.

స్టూడియోకు పరుగున పోయి కావలసినవన్నీ పట్టుకొచ్చి, రెండు ఫోటోలూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

"సార్, కోపానికొస్తే రండి గని ఇది చూడుండ్రి. అదే చీర, భుజం కాడ అదే పిన్నీసు, అదే చంకల అదే కోడి. నా ఫోటోల తేదీ కరెక్టుంది, ఇల్లు లేదు. ఈ ఫోటోల ఇల్లుంది, తేదీ తప్పు. రెండూ ఒక్కటే నిమిషంల దించినయ్."

"కోడిని చూసి లిస్టు రాయాల్నా?"

"కోడిని చూడకున్రి, ఈ మూలకు చూడుండ్రి. ఇక్కడ వంగి నిలబడ్డది ఎవరు? నేను. నా మెడల ఏముంది?"

స్టూడియోలో ఆ మూలను పెద్దది చేసి తెచ్చిన ఇంకో ప్రింటు ఆయన ముందుంచాను. కెమెరా పట్టీ మీద తయారీదారు ముద్రించిన మోడల్ నంబరు స్పష్టంగా చదవొచ్చు. సంచిలోంచి నా మిర్రర్‌లెస్ తీసి, అదే పట్టీతో ఆయన ముందు ఠపీమని పెట్టాను. కొన్నప్పటి బిల్లు పక్కన పెట్టాను. దాని మీద 2021 అని ఉంది.

"2008ల ఈ కెమెరా దునియాలనే లేదు సార్. లేని కెమెరా నా మెడలకెట్లొచ్చింది? చెప్పుండ్రి!"

గొంతు పెరిగింది. పెరగనీ అనుకున్నాను. ఇందాక నవ్వినవాళ్లంతా లేచొచ్చి బల్ల చుట్టూ మూగారు. ఒకాయన పట్టీ మీది అంకెలు, ప్రింటులో అంకెలు వేలు పెట్టి పోల్చి, "అవ్ సార్, ఒక్కటే" అన్నాడు. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మమ్మల్నెవరినీ చూడకుండా, "గిట్లని ఒక కాగితం రాసి సంతకాలు పెట్టియ్యిండ్రి" అన్నాడు. నేనూ సరోజా రాసిచ్చాం. మా ముందే కాంతమ్మ పేరు లిస్టులోకెక్కించాడు. ఎగతాళి చేసినందుకు తప్పైందని ఒక్క మాటైనా అనలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. గెలిచామన్న పొగరు నాకింకా దిగలేదు. సారును నాలుగు మాటలు తిడుతున్నాను. కాంతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంది:

"ఫోటోలను చూసిండ్రు, కెమెరాను చూసిండ్రు, బిల్లు గూడ చూసిండ్రు. నేను ఎదురుంగనే నిలబడితి గద బిడ్డా. పెద్దమ్మా, నీ ఇల్లు ఎట్ల కూలింది అని ఒక్కలు నన్ను అడగకపాయె."

ఆ సారు అడగలేదు, సరే. నేను మాత్రం అడిగానా? బురదలోంచి ముందుకు రమ్మన్నాను, కళ్లు పైకెత్తమన్నాను. ఆమె గోడ దగ్గరే నిలబడాలనుకుందేమో అని నాకు తోచనే లేదు. పొద్దున్నుంచి ఆయన మీద మండిన కోపంలో సగం నా మీదికే రావలసింది.

వాళ్లిద్దరినీ బస్సెక్కించే ముందు, ఇల్లు ఎట్లా కూలిందని కాంతమ్మను అడిగాను. గంటసేపు చెప్పింది. ఏ గోడ ముందు పడిందో, ఏ గోడ తన భర్త కట్టిందో, ఏది తాను ఒక్కతే మట్టి కాళ్లతో తొక్కి పెట్టుకుందో. చెబుతూ చెబుతూ రెండు బస్సులు వదిలేసింది. నాకు మంచి లెన్సులున్నాయి, మంచి చెయ్యి ఉంది. ఈ మాటలు ఫోటో తీసేటప్పుడే విని ఉంటే ఆ మనిషిని గోడ దగ్గరి నుంచి అడుగు కూడా కదపకపోదును. అప్పటి నుంచి నా ముందుకు ఎవరొచ్చినా, పెళ్లికొడుకైనా పింఛను ముసలమ్మైనా, ముందు ఒకటే అడుగుతాను: ఈ ఫోటోలో ఏం కనపడాలె? వాళ్లు చెప్పడం పూర్తయ్యాకే లెన్సు మూత తీస్తాను.