బరక పిండి

మా బావ పిండిమర నడుపుతాడు. మరలోంచి జారే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాడు. ఏ కాస్త గరుకు తగిలినా రాయి బిగించి రెండోసారి పోస్తాడు. "నీ పిండి బరకగా ఉంది" అన్న మాట ఆయనకు బూతుతో సమానం.

ఆయనకు షుగరు. రెండు కళ్లకూ శుక్లాలు. షుగరు దిగితేగానీ ఆపరేషన్ చెయ్యనని డాక్టరు తెగేసి చెప్పాడు. అప్పటికే బావ మనుషుల్ని గొంతుబట్టి గుర్తుపడుతున్నాడు. మొన్న తిరిగే బెల్టు పక్కనే చెయ్యి పెట్టాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

అందుకే మా అక్క గ్లైసీమిక్ ఇండెక్స్ చార్టు తెచ్చి వంటింటి తలుపుకు అంటించింది. ఏ తిండి ఎంత త్వరగా ఒంట్లో చక్కెరవుతుందో అందులో ఉంది. తెల్లన్నం బందు, బంగాళదుంప బందు. పొట్టు తీయని గోధుమ రొట్టెకు మాత్రం అనుమతి. మాత్రలు వేళకు వేసుకుని, బావ నోరు కట్టేసుకున్నాడు. అయినా షుగరు దిగితే ఒట్టు!

"చాటుగా ఏం తింటున్నారో చెప్పండి" అని అక్క నిలదీసింది.

"తింటే ఈ ఏడుపెందుకే? నోరు చచ్చి బతుకుతున్నా, ఇంకా దొంగనంటావా?" అని కంచం తోసేసి లేచాడు. నాకూ ఒళ్లు మండింది. ఆ చార్టును చింపి పారేద్దామనిపించింది.

మర్నాడు ఆయన్ని ఆస్పత్రిలో డైటీషియన్ దగ్గరికి లాక్కెళ్లాను. రోజూ తినే పిండి వెంట తెమ్మని ఆమె ముందే చెప్పడంతో, బావ డబ్బా మూత తీసి దర్జాగా ముందుకు జరిపాడు. ఆమె చిటికెడు తీసి రుద్దింది.

"ఇంత మెత్తగా ఎక్కడ పట్టించారండీ?"

"నా మరలోనే. రెండుసార్లు!"

"అదేనండీ చిక్కు. ఇంతలా నలిగితే కడుపుకు పనేం మిగలదు, చకచకా చక్కెరైపోతుంది. చార్టుల్లో గోధుమ అని ఉంటుందిగానీ, ఎలా పట్టాలో ఉండదుగా. బరకగా పట్టుకోండి."

మర దగ్గరికి చేరగానే బావ ఎవరూ చూడకుండా షట్టరు దించమన్నాడు. రాయి వదులు చేశాడు. పడిన పిండిని వేళ్ల మధ్య రుద్ది మొహం తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకు షుగరు దిగింది. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అక్క సంతోషంతో కళ్లు తుడుచుకుంది. బావ మాత్రం రొట్టె ముక్కను నమిలి నమిలి మింగి, నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, కట్టు విప్పాక నా మరలో నేను మొదట చూడాల్సింది ఈ బరక పిండినేనా?"