రెండోసారి అడగని ఊళ్ళో

మొన్న శుక్రవారం పొద్దున మా వియ్యపురాలు వెళ్ళిపోయారు. డయాలసిస్ లేని రోజది. ఎవరి పనికీ అడ్డం రాకుండా సెలవు చూసుకుని వెళ్ళడం ఆవిడకు తగినట్టే ఉంది. గుండె ఆగిందన్నారు. కిడ్నీ కోసం పేరు రాయించుకుని, ఇంకా వరసలోనే ఉన్నారు.

నా కూతురూ ఆవిడ కొడుకూ కాపురముంటున్న, కెనడాలో టొరంటో పక్కనున్న ఈ ఎటోబికో ఇంట్లో, ఇద్దరు వియ్యపురాళ్ళం ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చామంటే ఎవరూ నమ్మరు. కారణం సఖ్యత కాదు, మొహమాటం. కాఫీ తీసుకోమంటే "ఇప్పుడెందుకులెండి వదినగారూ" అనేవారు. మళ్ళీ అడిగితేనే చెయ్యి చాచేవారు. "అడగ్గానే ఔననేది పసిపిల్లలూ, రాజకీయ నాయకులూ" అని ఆవిడ సిద్ధాంతం.

ఆ మర్యాదే ఆవిడ కొంప ముంచింది.

కిడ్నీలు పాడైన కొత్తలో, కిడ్నీ మార్పిడికి ఇష్టమేనా అని ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు. మాట అటూ ఇటూ చేరవేసేది మా అల్లుడే. ఆవిడ కొంగు సవరించుకుని, "నాకెందుకు నాయనా, ఎవరైనా చిన్నవాళ్ళకివ్వమను" అన్నారు. అల్లుడు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. రోజంతా కంప్యూటర్లతో మాట్లాడేవాడు, మాట వెనక ఇంకో మాట ఉంటుందని అతనికేం తెలుసు? డాక్టరు ఎంతో గౌరవంగా తలూపి రాసుకున్నాడు. ఈ దేశంలో వద్దంటే వద్దనే. అదీ మర్యాదే.

ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ ఆవిడ నాతో మెల్లిగా అన్నారు: "ఇంకోసారి అడుగుతాడనుకున్నాను వదినగారూ."

అల్లుడికి చెబుతానంటే ఒట్టు పెట్టారు. చెబితే కొడుకు తన కిడ్నీ ఇస్తానంటాడని భయం. వద్దన్న నోటితో కావాలని ఎలా అడగడమని సిగ్గు. అలా తన మాటలో తానే చిక్కుకుపోయారు. ఒకరోజు మిషను, మర్నాడు నీరసం, ఆ మర్నాడు మళ్ళీ మిషను. కిటికీ బయట మంచు, లోపల హీటరు హోరు. స్వంత తమ్ముడు పోతే కాకినాడ వెళ్ళలేకపోయారు. "తాడు పొడుగే వదినగారూ, గుంజే కదలదు" అన్నారు ఆ రోజు. తినకూడనివేమిటో ఆస్పత్రివాళ్ళు రాసిచ్చారు. అందులో పాస్తా సంగతి ఉంది, గోంగూర సంగతి లేదు. అనుమానమున్నదల్లా మానేసి, చివరికి పెరుగన్నానికీ భయపడేవారు. నీళ్ళకూ కొలతే కనుక మనవరాలి వెండి ఉగ్గుగిన్నెలో కాఫీ పోయించుకునేవారు.

చాలాకాలానికి డయాలసిస్ దగ్గరికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సొకామె చేరింది. బిస్కెట్టు ఇస్తే వదినగారు వద్దన్నారు. ఆమె నవ్వి మళ్ళీ చాపింది, ఈవిడ తీసుకున్నారు. మా అమ్మా ఇంతేనంది ఆ నర్సు నాతో. ఆ తర్వాత ఒకరోజు ఫైలు తిరగేసి, అల్లుణ్ణీ నన్నూ బయట కూర్చోబెట్టి, ఫోనులో తెలుగు మాట్లాడే మనిషిని పెట్టి మార్పిడి సంగతి అడిగిందట. మొదట షరా మామూలే. ఆమె మళ్ళీ అడిగింది.

"కావాలమ్మా. బతకాలనే ఉంది. మా అబ్బాయిది మాత్రం వద్దు."

ఆ మాట నాకు ఆవిడే చెప్పారు, దొంగతనం చేసినట్టు తల దించుకుని.

పరీక్షలయ్యాయి, పేరు వరసలో చేరింది. ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేవారు. ఆవిడది బి గ్రూపు. మనవాళ్ళలో ఆ రక్తం ఎక్కువ, అవయవదానానికి పేరిచ్చేవాళ్ళు తక్కువ. గుళ్ళో పులిహోరకైతే బాగానే వరస కడతాం. ఫోను మోగలేదు. గుండె అప్పటికే అలిసిపోయి ఉంది.

మీ ఇంటి పెద్దవాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, వాళ్ళు వద్దన్నాక ఇంకోసారి అడగమని ఆయనకు చెప్పండి. పెద్దవాళ్ళు తిడితే తిట్టనివ్వండి.

ఈ పొద్దున కాఫీ కలిపి, అలవాటు కొద్దీ ఉగ్గుగిన్నె కూడా నింపాను. ఆవిడ కుర్చీ ముందు పెట్టి, తీసుకోండి వదినగారూ అన్నాను. వద్దనే గొంతు లేదు. అయినా రెండోసారి కూడా అన్నాను. బయట మంచు పడుతూనే ఉంది. గిన్నెలో కాఫీ మీద నెమ్మదిగా మీగడ కట్టింది.