లైటు వెలిగితే తగువు

నాచారంలో చర్మవ్యాధుల డాక్టరు ఛాయాదేవిగారికి ఉన్నది ఒకటే జబ్బు. రోగులతో పోట్లాట! రోగిని కుర్చీలో కూర్చోబెట్టి మెషీన్ లైటు వేసిందంటే చాలు, ఆవిడ నోరు లేస్తుంది. లైటు ఆరగానే నోరూ ఠక్కున మూతపడుతుంది. "మంచినీళ్ళు తాగుతారా బాబూ?" అని తేనె పోసినట్టు అడుగుతుంది. ఉప్పల్ నుంచి వచ్చిన రిటైర్డ్ రైల్వే గార్డుతో, పచ్చజెండా ఊపడం కూడా ఒక ఉద్యోగమేనా అని తగువు. ఒక లెక్కల మేష్టారితోనైతే సున్నా అసలు అంకే కాదని వాదించి, పాపం, ఆయన చేత బల్ల గుద్దించింది.

హబ్సిగూడ హాస్టల్లో వంటచేసే చంద్రయ్యకి ఇవేవీ తెలియవు. తెలిస్తే వచ్చేవాడే కాదు. అతని కుడిచేతి బొటనవేలి గోరు పచ్చబడి, మందంగా లేచి, పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఫంగస్ అన్నారు. పూతమందులకి లొంగలేదు, మాత్రలు లివరుకి పడలేదు. హాస్టల్ ఓనరు తేజేష్ మర్యాదగానే చెప్పాడు: "గోరు సాఫ్ అయ్యేదాక వంటింట్లకు రాకు మామా. పిల్లలు తినే బువ్వ గదా! అప్పటిదాక గేటుకాడ కూసో."

చెప్పొద్దూ, ఆ గేటు దగ్గర చంద్రయ్య పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. లోపలి నుంచి పోపు మాడిన వాసన వచ్చినప్పుడల్లా ప్రాణం విలవిల్లాడేది. మళ్ళీ గరిటె పట్టుకుంటే చాలు, దేవుడు ఇంకేమీ ఇవ్వకపోయినా ఫరవాలేదనుకున్నాడు.

భార్య లక్ష్మీనర్సమ్మని తోడు తీసుకుని నాచారం వచ్చాడు. ఛాయాదేవి గోరు చూసింది. "లైటుతో చేద్దాం. గోరు అరగదీసి, మందు రాసి, వెలుతురు సోకకుండా కట్టు కడతాను. కొన్ని గంటలాగి ఈ ఎర్ర లైటు కింద పెడతాను. వెలుతురు తగిలితేనే ఆ మందు ఫంగస్‌ని చంపుతుంది. అందరికీ తగ్గుతుందని మాటివ్వలేను. లైటు ఉన్నంతసేపూ చుర్రుమంటుంది, చెయ్యి తీశారంటే చేసిందంతా దండగ," అంది.

సలసల కాగే నూనె ముందు రోజంతా నిలబడే చంద్రయ్యకి దవాఖానా అంటే మాత్రం చచ్చేంత భయం. కట్టు విప్పి లైటు వేయగానే వేలి మీద నిప్పుకణిక పెట్టినట్టయింది. "వామ్మో!" అని చెయ్యి లాక్కోబోయాడు.

"మీ పచ్చిపులుసు ఉందే," అంది ఛాయాదేవి తాపీగా, "అదీ ఒక వంటేనా? చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ ముక్కలు తేలితే పులుసైపోతుందా?"

లాక్కోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏందీ? ఏమంటున్నరు మేడమ్?"

"పొయ్యి వెలిగించే ఓపిక లేక కనిపెట్టారంటున్నా."

"ఓపిక లేకనా! నువ్వులు ఏంచి నూరాలె, మిరపకాయలు కాల్చి పిసకాలె, పులుపు జరంత ఎక్కువైనా ఖరాబైతది! మీ దిక్కు పులుసుల బెల్లం ఏస్తరు. గది పులుసా, పాయసమా?"

"బెల్లం జోలికొస్తే ఊరుకోను!"

"నేను గూడ ఊకోను!"

కుడిచెయ్యి లైటు కిందే ఉంది. పోట్లాటంతా ఎడమచేత్తోనే సాగింది. ఇంతలో లైటు ఆరింది. "మంచినీళ్ళు తాగుతారా బాబూ?"

ఇంటికొచ్చి లక్ష్మీనర్సమ్మ మీద ఎగిరాడు. "గామె డాక్టరా, గయ్యాళా? మళ్ళ పోనే పోను!"

"పోకు. గేటుకాడనే కూసో," అందామె.

"పోత! నాకు జవాబు చెప్పేదుంది!"

తర్వాతిసారి స్టీలు డబ్బానిండా పచ్చిపులుసుతో వెళ్ళాడు. చేసింది లక్ష్మీనర్సమ్మ, వంటింటి గడపలో నిలబడి అలా కాదు ఇలా అని కేకలేసింది చంద్రయ్య. ఛాయాదేవి ఒక గ్లాసు తాగి "ఉప్పు తక్కువ" అంది. రెండో గ్లాసు తాగి "కారం ఎక్కువ" అంది. డబ్బా ఖాళీ చేసి, మూత పెట్టి, "మొత్తానికి బాగాలేదు" అంది. ఆ మంటలో ఇక లైటు మంట ఏం తెలుస్తుంది!

ఇలా తిట్టుకుంటూ తిట్టించుకుంటూ నెలలు గడిచాయి. కొత్త గోరు మొదలు నుంచి నున్నగా పెరుగుతూ వచ్చింది. ఆఖరికి ఒకరోజు ఛాయాదేవి రిపోర్టు చూసి, "ఫంగస్ లేదు. రేపట్నుంచి గరిటె పట్టుకోవచ్చు," అంది. చంద్రయ్యకి కళ్ళనీళ్ళొచ్చేశాయి. భార్యని తీసుకుని హబ్సిగూడకి పరిగెత్తుదామని బయట చెప్పులేసుకుంటుంటే, లోపలి నుంచి కేక వినబడింది. పీర్జాదిగూడ ఆటోడ్రైవరు సాంబయ్య. అతనికి కాలిగోళ్ళ ఫంగస్.

"మెట్రో వచ్చాక మీ ఆటోలు దండగ!" అంటోంది ఛాయాదేవి.

"నిజమే మేడమ్... అబ్బా!"

"అసలు మీకు నడపడమే రాదు!"

"రాదు మేడమ్. అయ్యయ్యో, తీసెయ్యున్రి, నాతోని కాదు!"

తలుపు తెరుచుకుంది. ఛాయాదేవి తల బయటికి పెట్టి సాంబయ్య భార్య త్రివేణిని బతిమాలింది. "ఈయనకి దేనికి కోపమొస్తుందో ఇంకోటి చెప్పు తల్లీ! అన్నిటికీ ఔనంటున్నాడు. కోపమొస్తే గానీ నొప్పి మరిచిపోడు!"

"ఆయనకు కోపమే రాదు మేడమ్. పెండ్లయినకాంచి నేనే సతాయిస్తున్న, రాలె," అంది త్రివేణి.

తలుపు మూసుకుంది. చంద్రయ్య భార్య వైపు తిరిగాడు. "నా గురించి గూడ అడిగిందా?"

"మొదటిరోజే," అంది లక్ష్మీనర్సమ్మ నవ్వాపుకుంటూ. "వంటను తిట్టున్రి, ఇగ సూడున్రి అని జెప్పిన. పచ్చిపులుసంటే మేడమ్‌కు పానమంట. నా చెవుల జెప్పింది."

చంద్రయ్యకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఆవిడ మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, లోపలికెళ్ళి దండం పెడదామనుకున్నాడు. కానీ తలుపు తోసేసరికి సాంబయ్య కాలు లాక్కుంటున్నాడు. చంద్రయ్య నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏమన్నా, నీకు వేరే డాక్టరే దొరకలేదా? గీమెకు ఏమొస్తది? నోరు తప్ప!"

సాంబయ్య మూలుగు ఆగింది. "ఎవర్ని అంటున్నవ్?"

"గీ డాక్టరమ్మనే!"

"ఏయ్! జబాన్ సంభాళించుకో! మా అవ్వ చెయ్యి నయం జేసింది గీ మేడమే! ఇంకొక్క మాటన్నవంటే మంచిగుండదు!"

"అంట! ఏం జేస్తవ్?"

"లేచొచ్చిన్నంటే..."

"లేవకు, లేవకు! కాలు కదపకు!" అని ఛాయాదేవి అతని కాలు గట్టిగా పట్టుకుంది. చంద్రయ్య వైపు చూసి, ఇంకా తిట్టమని కళ్ళతోనే సైగ చేసింది. చంద్రయ్య ఇన్ని నెలలుగా కడుపులో దాచుకున్నదంతా వరసపెట్టి తిట్టాడు. ఆవిడ ముఖంలో అంత ఆనందం అతనెప్పుడూ చూడలేదు.

లైటు ఆరిపోయింది. సాంబయ్యకి ఆ సంగతే తెలియలేదు. "నువ్వు యాడుంటవ్ చెప్పు! రేపొచ్చి తేల్చుకుంట!"

చంద్రయ్య ముఖం చేటంతయింది.

"హబ్సిగూడ, మెట్రో స్టేషన్ ఎనక, తేజేష్ హాస్టల్. బువ్వ టైంకు రా అన్నా. వంట నేనే జేస్తున్న."