ఆఖరి బంతిలో నా పాట

పిలిచినవాళ్ళందరూ తిన్నాకే ఇంటివాళ్ళు విస్తరి ముందు కూర్చోవాలి. భోజనాలకి ఆ పద్ధతి సరే, పాటకి కూడా వర్తిస్తుందా? పదకొండో ఏట నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. జవాబు చెప్పాల్సిన మనిషి పోయిన వారం వెళ్ళిపోయారు. రాయగడ నుంచి అన్నయ్య ఫోన్ చేసి, "నాన్న పోయేరమ్మి. పొద్దున్న కాఫీ తాగి, అలా కుర్సీలోనే" అన్నాడు. వాళ్ళ నాన్నంటే మా పెదనాన్న. నాకు ఏడుపు రావడానికి రెండు రోజులు పట్టింది. ముందొచ్చింది కోపమే. ఏమీ తేల్చకుండా వెళ్ళిపోయారని.

మాది విజయనగరం వైపు నుంచి వచ్చి రాయగడలో చింతపండు, కొండచీపుళ్ళు టోకున అమ్మే కుటుంబం. కొట్టు వెనక గోదాము, గోదాము మీద పొడుగాటి గది. తొంభైల మొదట్లో పెదనాన్న ఆ గది ఊడ్పించి, జంపకానాలు పరిపించి, ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఎవరైనా వచ్చి పాడుకోవచ్చు, వాయించుకోవచ్చు అన్నారు. టిక్కెట్టు లేదు. వయసు లేదు, భాష లేదు. రైల్వే కాలనీ ఆడవాళ్ళు భజనలు పాడేవారు. ఒడియా బడి మాస్టారు తన హార్మోనియం తనే మోసుకొచ్చేవారు. కకిరిగుమ్మ నుంచి ఒక ముసలాయన ప్యాసింజరు దిగి వచ్చి తమ కొండ ఊళ్ళ దేశియా యాసలో పాటలు పాడేవాడు. అయిదేళ్ళ పిల్లలు సగం పాటలో మాటలు మరిచిపోయి ఏడిచేవారు. ఆరింటికి కింద లారీ లోడింగు మొదలయ్యేది. ఆ కేకల్లో ఇంకెవరి పాటా వినపడదు కాబట్టి ఆ వారానికి అంతే.

పెదనాన్నకి సంగీతం రాదు. తాళం వేస్తే చెయ్యి ఎప్పుడూ ఓ క్షణం ఆలస్యంగా పడేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని దానిమీద వేసుకునేవారు, చప్పుడు రాకుండా. "పాడేవోడికి మంచినీళ్ళు, వినేవోడికి సోటు. అంతకుమించి మనకేటి పని?" అనేవారు.

వంతులకి ఒక పలక ఉండేది. ఎవరొస్తే వాళ్ళ పేరు సుద్దముక్కతో ఆయనే రాసేవారు. ఆ పలకని నడిపిన తీరు మాత్రం అచ్చం పెళ్ళి భోజనాల తీరే. రైలెక్కి వచ్చినవాళ్ళు మొదటి బంతి. ఊళ్ళోవాళ్ళు రెండో బంతి. ఇంటివాళ్ళు ఆఖరి బంతి. అప్పటిదాకా ఇంటివాళ్ళ పని వడ్డనే. అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ తబలా వాయించేవాడు. నేను శ్రుతిపెట్టె వేసేదాన్ని. ఆఖరి బంతి వచ్చేలోపు ఆరయ్యేది. మిగిలిపోయిన ఊళ్ళోవాళ్ళ పేర్లు మరుసటి ఆదివారం పైకెక్కేవి. నాది మళ్ళీ అడుగునే ఉండేది.

నేనేం ఊరుకోలేదు. పక్కవాడి పాటకి నవ్వినవాళ్ళు వెంటనే లేచి పాడాలని ఆ గదిలో ఒక నియమం. ఒకసారి మాస్టారు పైషడ్జం అందుకోలేక దగ్గుతుంటే కావాలనే పకపకా నవ్వేను. గదంతా నావైపు తిరిగింది. లేవబోతుంటే పెదనాన్న, "అది మనింటి పిల్లేనండీ. దానికి నవ్వు ఎక్కువ. మీరు కానివ్వండి" అనేశారు. శ్రుతి ఆపినందుకు అన్నయ్య మోచేత్తో పొడిచేడు కూడా.

పద్దెనిమిదో ఏట ఒక పాట ఆరు వారాలు సాధన చేశాను. ఆ ఆదివారం వాన. జనం పల్చగా ఉన్నారు. అయిదున్నరకి పలక మీద నా పేరొక్కటే మిగిలింది. గొంతు సవరించుకుంటూ ఉండగా మెట్ల మీద తడి అడుగుల చప్పుడు. రైలు లేటయి అప్పుడొచ్చాడు కకిరిగుమ్మ ముసలాయన. పెదనాన్న సుద్దముక్క తీసి ఆయన పేరు నా పేరు పైన ఇరికించి రాశారు.

"పెదనాన్నా, మరి నేను?"

"నీకేటమ్మి, మనింటి పిల్లవి. రేపు పాడొచ్చు, ఎల్లుండి పాడొచ్చు. ఆయన మళ్ళీ రైలెక్కి రావాల కదేటి?"

"రేపు నువ్వు కొట్లో ఉంటావు. ఎవరు వింటారు?"

"గోడలు ఇంటాయిలే" అని మాస్టారు నవ్వారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి ఎవర్నీ లేచి పాడమని అనలేదు.

ముసలాయన అరగంట పాడాడు. అంత మంచి పాట ఆ గదిలో మరొకటి నేను వినలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే శ్రుతి వేశాను. ఆ నీళ్ళు పాట బాగుండడం వల్లనో, నా పాట పోయినందుకో ఆ రోజూ తెలీలేదు. ఆరయింది. కింద లారీ వచ్చింది.

ఆ తర్వాత విశాఖలో ఎమ్మే, ఆపైన కోరాపుట్‌లో కాలేజీ ఉద్యోగం. సెలవులకి వచ్చినప్పుడల్లా గది పల్చబడుతూ కనిపించేది. మాస్టారికి బదిలీ అయింది. ముసలాయన మోకాళ్ళ నొప్పులతో రావడం మానేశాడు. ఇళ్ళల్లో టీవీలు పగలంతా మోగుతుండేవి. పెదనాన్న మాత్రం మూడింటికల్లా జంపకానా పరిచి, మంచినీళ్ళ కూజా నింపి కూర్చునేవారు.

రెండువేల ఆరు ప్రాంతంలో ఒక ఆదివారం నలుగురే వచ్చారు. అయిదింటికల్లా వాళ్ళ పాటలయిపోయాయి. పెదనాన్న పలక చూసి, నావైపు తిరిగి నవ్వారు.

"పైవోళ్ళందరిదీ అయిపోయింది. ఇంక మనింటోళ్ళ బంతి. రా అమ్మి, పాడు."

పదిహేనేళ్ళు ఎదురుచూసిన మాట. పాట నోటిదాకా వచ్చింది. ఆ గది నిండా జనం ఉన్నప్పుడు ఇవ్వని వంతు, ఎవరూ లేనప్పుడు మిగులు కూరలా ఇస్తున్నారేమిటి అనిపించింది.

"గొంతు పట్టేసింది పెదనాన్నా."

"అబద్దాలాడకు. పొద్దున్న పెరట్లో పాడేవు కదే!" అన్నాడు అన్నయ్య.

"ఊరుకోరా. దాని గొంతు దాని ఇష్టం" అన్నారు పెదనాన్న.

అలిగారనుకుందామంటే మొహంలో అలక లేదు. ఆరు కాకుండా గది మూయకూడదన్నది కూడా ఆయన పెట్టుకున్న నియమమే. అందుకని ఆ గంటా అలాగే కూర్చున్నారు. ఆ తర్వాత ఎన్ని సెలవులకి వెళ్ళినా ఆయన నన్ను మళ్ళీ అడగలేదు, నేనూ పాడలేదు.

ఊరూ పేరూ తెలియనివాళ్ళ పాటని కూడా గౌరవంగా వినాలని నాకు నేర్పింది ఆయనే. క్లాసులో వెనక బెంచీ పిల్ల నోరు విప్పితే ఈనాటికీ నేను సుద్దముక్క కింద పెట్టి వింటాను. ఆ రుణం కాదనను. కానీ నన్ను వినలేదు కదా అన్నది కూడా పోలేదు. నేను ఎక్కడికీ పోనని నమ్మి ఆఖర్న రాసుకున్నారా, నా సంగతే పట్టలేదా? ఆ వాన రోజు వంతు దక్కి ఉంటే నిజంగా గాయనినయ్యేదాన్నా? లేకపోతే నాకు చేతకానిదాన్ని ఆయన మీదకి తోస్తున్నానా? ఎటు తిప్పి చూసినా నాకు తేలడం లేదు.

తేలకపోయినా ఆ గంట మాత్రం కళ్ళ ముందే ఉంటుంది. కిటికీలోంచి ఏటవాలు ఎండ. ఖాళీ జంపకానా. పాడేవాళ్ళు కూర్చునే చోటువైపు ఒక చెవి ఒగ్గి, తల కాస్త వంచి, ఎవరో పాడుతున్నట్టే వింటూ పెదనాన్న.